వాతావరణం మీద పని, మనసు మీద బరువు

సముద్రం లేని హైదరాబాద్ నుంచే దేశానికి సునామీ హెచ్చరికలు వెళ్తాయి. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి ఆ కేంద్రం రాత్రీ పగలూ పనిచేస్తోంది. సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యం మీద పరిశోధించే క్రిడా ఉంది. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చదివే ఎన్ఆర్ఎస్‌సీ, బేగంపేటలో వాతావరణ కేంద్రం ఉన్నాయి. వీటికి తోడు బస్తీల్లో సర్వేలు చేసే స్వచ్ఛంద సంస్థలు, గచ్చిబౌలి టవర్లలో కంపెనీల కర్బన లెక్కలు రాసే కన్సల్టెంట్లు, చెరువుల కబ్జాల మీద వార్తలు రాసే విలేకరులు, పీహెచ్‌డీలు చేస్తున్న విద్యార్థులు. వాతావరణ మార్పే బతుకుతెరువుగా ఉన్నవాళ్లు ఈ నగరంలో తక్కువేం కాదు. మిగతా జనానికి ఎండలప్పుడో వరదలప్పుడో గుర్తొచ్చే సంగతి వీళ్లకు రోజూ కంప్యూటర్ తెరవగానే ఎదురవుతుంది.

వీళ్లను కాస్త నెమ్మదిగా కదిలిస్తే చెప్పే మాటలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నిద్ర సరిగ్గా పట్టదు. ఫంక్షన్‌కి వెళ్తే నలుగురిలో కలవలేరు. చిన్నదానికే చిరాకు. ఇంట్లోవాళ్లు "టెన్షన్ పడకు" అంటారు, దోస్తులు "లైట్ తీస్కో" అంటారు, ఆఫీసువాళ్లు ఒక యోగా క్లాసు పెట్టించి ఊరుకుంటారు. ఏదీ పెద్దగా పనిచేయదు. పైకి ఒకేలా కనిపించే ఈ బాధ లోపల ఒక్కటి కాకపోవడమే దానికి కారణం. భయం, దుఃఖం, కోపం, తప్పు చేస్తున్నామన్న భావన, అలసట ఇందులో కలగలిసి ఉంటాయి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు, ఒక్కోసారి బాధను పెంచుతుంది కూడా. దుఃఖంలో ఉన్న మనిషికి ధైర్యం చెప్పబోతే ఇంకా ఒంటరి అవుతాడు. కోపంలో ఉన్న మనిషికి ధ్యానం నేర్పబోతే మండిపడతాడు. ముందు ఏది ఏదో విడదీసుకోవాలి.

తెలిసినవాళ్ల భయం

భయం అందరికీ ఉంది. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కోసం మన దేశంతో సహా పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఆ ఆందోళన తమ రోజువారీ జీవితాన్ని తాకుతోందన్నవాళ్లు 45 శాతానికి పైనే.

ఇదే పనిలో ఉన్నవాళ్ల భయం ఇంకో రకం. దానికి అంకెలుంటాయి, ఊరిపేర్లుంటాయి. వేసవిలో మబ్బు పట్టి మొదటి జల్లు పడితే ఇంటిల్లిపాదీ బాల్కనీలోకి వచ్చి మట్టివాసన పీలుస్తుంటే, డ్రైనేజీ మ్యాపులు గీసే మనిషికి మాత్రం ఏ నాలా ఎన్ని సెంటీమీటర్ల వానకు పొంగుతుందో గుర్తొస్తుంది. ఆ సంగతి పైకి అంటే ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోతాయి. అనకపోతే అది లోపలే తిరుగుతుంది.

భయానికి మందు ఆశావాదం కాదని నా అభిప్రాయం. కచ్చితమైన సమాచారం దానికి చాలా మెరుగైన మందు. అంకెలతోనే బతికేవాళ్లలో కూడా రెండు అపోహలు బలంగా కనిపిస్తాయి. మొదటిది, 1.5 డిగ్రీలు దాటామంటే ఇక కథ ముగిసినట్టేనన్నది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 2024లో పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కన్నా దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువగా నమోదైంది. అది ఒక్క ఏడాది లెక్క. వేడిని అదుపు చేయడానికి దేశాలు 2015లో చేసుకున్న పారిస్ ఒప్పందం చెప్పే 1.5 డిగ్రీల హద్దు చాలా ఏళ్ల సగటుకు సంబంధించింది. అంతకన్నా ముఖ్యం, 1.5 దాటగానే అగాధం ఏమీ లేదు. 1.6 కన్నా 1.7 చెడ్డది, 1.7 కన్నా 1.8 చెడ్డది. ఆపిన ప్రతి పదోవంతు డిగ్రీ కొంతమంది ప్రాణాలు కాపాడుతుంది. రెండోది, మనం ఏం చేసినా వేడి శతాబ్దాల పాటు పెరుగుతూనే పోతుందన్నది. నికర కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు (గాల్లోకి వదిలేదాంట్లోంచి తీసేసేది పోగా మిగిలేవి) సున్నాకు చేరితే ఉష్ణోగ్రత పెరగడం దాదాపుగా ఆగిపోతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ నివేదికలు చెబుతున్నాయి. సముద్రమట్టం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం పెరుగుతుంది. పారిస్ ఒప్పందానికి ముందు ఈ శతాబ్దాంతానికి 4 డిగ్రీల దాకా అన్న అంచనాలు ఉండేవి. ఇప్పటి విధానాలే కొనసాగితే 3 డిగ్రీలకు అటూ ఇటూ అంటున్నారు. మూడు డిగ్రీలు ఘోరమే. కానీ నాలుగుకీ మూడుకీ మధ్య తేడాను ఎవరో పనిచేసి తెచ్చారు.

ఏడవడానికి చోటు లేని దుఃఖం

భయం రాబోయేదాని గురించి. దుఃఖం పోయినదాని గురించి. పోయినదాన్ని ఏ సమాచారమూ వెనక్కి తేలేదు.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల పచ్చని నేల మీదికి చెట్లు కొట్టే జేసీబీలు దిగినప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు. చీకట్లో నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఫోన్లన్నీ తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. గెలుపే. అయితే ఆ 400 ఎకరాల్లో దాదాపు వంద ఎకరాలు అప్పటికే చదునైపోయాయి. పక్షుల లెక్కలు రాసుకుంటూ ఆ నేల మీద ఏళ్లు గడిపిన మనిషికి "స్టే వచ్చింది కదా, ఇంకేంటి?" అన్న మాట ఎలా తగులుతుందో ఊహించండి. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కోసం పోరాడినవాళ్ల పరిస్థితీ అంతే. బీజాపూర్ హైవే వెడల్పు కోసం తొమ్మిది వందల దాకా మర్రిమానుల మీద గొడ్డలి వేలాడితే, వాళ్లు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి నిలబడ్డారు. అన్నేళ్లూ ప్రతి చెట్టునూ పోగొట్టుకోబోతున్న చెట్టుగానే చూడాల్సి వచ్చింది.

మనిషి పోతే మన దగ్గర ఒక పద్ధతి ఉంది. చుట్టాలొస్తారు, అన్నం వండి తెస్తారు, పదకొండో రోజు కర్మ చేస్తారు, ఏడాదికి తద్దినం పెడతారు. ఏడ్చేవాళ్లను ఎవరూ ఆపరు. చెరువు పోతే పలకరించడానికి ఎవరూ రారు. అక్కడ వెంచర్ వెలుస్తుంది, గృహప్రవేశానికి మనల్నే పిలుస్తారు. ఈ దుఃఖం నయమయ్యే జబ్బు కాదు, దీనికి సాక్షులు కావాలి. పోయిన చోటి గురించి తెలిసినవాళ్లతో కూర్చుని, పరిష్కారం జోలికి పోకుండా మాట్లాడుకోవడం అవసరం. ఆ చోటి చరిత్ర, ఫోటోలు, పక్షుల జాబితా భద్రంగా దాచడం కూడా ఒక రకమైన కర్మకాండే. పనిలో పనిగా, ఇలా దాచిన రికార్డులు తర్వాత కోర్టు కేసుల్లో అక్కరకొస్తాయి.

చెప్పినా విననప్పుడు

కోపం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ రంగంలో అందరూ అన్నిటికన్నా తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరంలో వేల మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, ఆయన సలహా ఇచ్చాడు, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. చెప్పినవాడు ఉన్నాడు, విన్నవాళ్లు ఉన్నారు. తర్వాతి కథ వేరు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగింది. నాలాలు వెడల్పు చేయాలని కిర్లోస్కర్ అనే కన్సల్టెన్సీ సంస్థ నివేదిక వచ్చింది. ఇరవై ఏళ్లు గడిచాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు ముప్పై సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఆ రోజుల్లోనే పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది, అల్ జుబైల్ కాలనీ లాంటివి నడుంలోతు నీళ్లలో ఉండిపోయాయి. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు పరుచుకునే హద్దులో) ఎన్ని ఇళ్లున్నాయో మ్యాపుల్లో ముందే గీసి ఇచ్చినవాళ్లు ఈ నగరంలో ఉన్నారు. తాము రంగు వేసి చూపించిన కాలనీలే టీవీలో మునిగి కనబడుతుంటే వాళ్లకు కలిగేది ఆందోళన కాదు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో పనిచేసిన అమెరికన్ మానసిక వైద్యుడు జోనథన్ షే దీన్ని నైతిక గాయం అన్నాడు. సరైనదేదో తెలిసి, ప్రాణాలు పణంగా ఉన్న సమయంలో, అధికారం ఉన్నవాళ్లు దాన్ని తొక్కేస్తే పడే గాయం అది. కోవిడ్ తర్వాత డాక్టర్లు, నర్సుల విషయంలోనూ ఈ మాట బాగా వినబడింది. వాతావరణ రంగంలో పనిచేసేవాళ్లకూ ఇది అతికినట్టు సరిపోతుంది. దీర్ఘశ్వాసలు భయాన్ని కాస్త తగ్గించవచ్చు. ఈ గాయానికి మాత్రం అవి అవమానంలా తగులుతాయి. నిన్నే సర్దుకొమ్మంటున్నట్టు ఉంటుంది.

కోపానికి ఒక చిరునామా ఉంటుంది. అక్కడికి అది చేరితే కొంత తేలికపడుతుంది. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు నిబంధనలు దాటి పత్రికలకెక్కలేడు, నిజమే. కానీ అభ్యంతరాన్ని ఫైల్లో తేదీతో సహా రాసి పెట్టొచ్చు. మౌఖికంగా "వదిలేయండి" అన్న ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగొచ్చు. పరిశోధకులు ఫలితాలను జర్నల్‌లోనే వదిలేయకుండా తెలుగులో రెండు పేజీలు రాసి బస్తీ సంఘానికి ఇవ్వొచ్చు. బయటివాళ్లకు సమాచార హక్కు చట్టం ఉంది. వీటితో చెరువు వెంటనే తిరిగి రాదు. అయినా "నాకు తెలిసి ఊరుకున్నాను" అన్న ముల్లు మాత్రం గుచ్చుకోదు. ఈ రంగంలో మనసు విరిగి మానేసినవాళ్లను ఎక్కువగా తినేసింది ఆ ముల్లే అనిపిస్తుంది.

ఎవరి తప్పు, ఎంత?

ఏసీ గదిలో కూర్చుని వడగాడ్పుల మీద రిపోర్ట్ రాయడం, విమానమెక్కి ఉద్గారాల సదస్సుకు వెళ్లడం. ఈ ఎత్తిపొడుపులు అందరూ విన్నవే, ఎక్కువసేపు ఆగక్కర్లేదు. వ్యక్తిగత కార్బన్ పాదముద్ర (ఒక్కో మనిషి వల్ల గాల్లోకి ఎంత కార్బన్ వెళ్తోంది) అనే లెక్కను 2000ల్లో ప్రపంచమంతా ప్రచారం చేసిన వాళ్లలో ముందున్నది బీపీ అనే చమురు కంపెనీ. మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి దాదాపు 2 టన్నులు, అమెరికాలో అది 14 టన్నుల దగ్గర ఉంటుంది. మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ వేసుకున్నందుకు రాత్రంతా బాధపడటం దండగ. పొదుపుగా వాడండి, పడుకోండి.

నిజంగా బరువైన తప్పుభావన ఇంకోటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వ్యవసాయ సలహాలు పంపే కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు వచ్చే ఫోన్లు ఇలా ఉంటాయి: "సార్, వాన వస్తదంటిరి, రాలే. పత్తి గింజలన్నీ ఎండకు మాడినయ్." వానకు 70 శాతం అవకాశం అంటే పదింట మూడుసార్లు రాదని శాస్త్రవేత్తకు తెలుసు. కానీ ఆ మూడుసార్లలో విత్తనం పోయేది రైతుది, అప్పు చేసేది రైతు. ఈ బాధను కొట్టిపారేయకూడదు. దాన్ని పనిలోకి మళ్లించడమే మార్గం. అంచనా చెప్పేటప్పుడే అది తప్పితే ఏం చేయాలో కూడా చెప్పడం, రెండోసారి విత్తాల్సి వస్తే ఏ రకం వేయాలో ముందే సిద్ధం చేసుకోవడం, తప్పిన తర్వాత ఫోన్ ఎత్తడం. ఫోన్ ఎత్తకుండా తప్పించుకున్నవాడికి భారం దిగదు, పెరుగుతుంది.

అలసట: అసలు దొంగ

ఇక ఒక చేదు మాట. వాతావరణ ఆందోళన అని చెప్పుకునే దాంట్లో సగం మామూలు ఉద్యోగ కష్టమేనని నా అనుమానం. పదకొండు నెలల కాంట్రాక్టులు, నిధులు ఆగిపోతే మూడు నెలల జీతం రాకపోవడం, ఇద్దరి పని ఒకరితో చేయించడం, "ఇది ఉద్యోగం కాదు, ఉద్యమం" అన్న మాటతో ఆదివారాలు మింగేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను పని తాలూకు సమస్యగా వర్గీకరించింది. శక్తి ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా లాభం లేదన్న భావన దాని లక్షణాలు. మూడోది వచ్చినప్పుడు మనిషి "భూమికి భవిష్యత్తు లేదు" అంటాడు. పది రోజులు సెలవిచ్చి, కాంట్రాక్టు పొడిగించి చూడండి, భూమికి కాస్త భవిష్యత్తు కనబడుతుంది.

అందరికన్నా ఎక్కువ దెబ్బతినేది ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు. రేకుల ఇళ్లలో వేడి ఎంతో కొలవడానికి మిట్టమధ్యాహ్నమే వెళ్లాలి. సర్వే చేసే ఆడపిల్లలకు బస్తీలో టాయిలెట్ దొరకదు కాబట్టి నీళ్లు తాగడం మానేస్తారు. వడదెబ్బ గురించి సర్వే చేసేవాళ్లకే వడదెబ్బ ప్రమాదం. ఇంతకన్నా వింత ఉంటుందా? 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వడగాడ్పులకు చనిపోయినవాళ్ల లెక్క రెండు వేలు దాటింది. అలాంటి ఇళ్లకు ప్రశ్నావళి పట్టుకుని వెళ్లినవాళ్లను ఆ ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: పైసలు వస్తాయా? తహసీల్దార్, ఎస్సై, డాక్టర్ కలిసి వడదెబ్బేనని తేలిస్తేనే పరిహారం. ఆ మాట చెప్పి గడప దిగాలి, పక్కింటి తలుపు తట్టాలి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి పరిహారాన్ని 4 లక్షలకు పెంచింది. అంటే ఆ ఇళ్ల కథలు ఎక్కడో వినబడ్డాయనే అనుకోవచ్చు. విన్నవి మోసుకొచ్చినవాళ్లకు మాత్రం సాయంత్రం ఆ బరువు దించుకునే చోటు చాలా ఆఫీసుల్లో లేదు. రోజు చివర జట్టంతా అరగంట కూర్చుని డేటా సంగతి పక్కనపెట్టి చూసింది చెప్పుకోవడం, మరణాల సర్వేలను ఒకరి మీదే వేయకుండా మార్చి మార్చి పంపడం, వరద పనుల తర్వాత జీతంతో సెలవివ్వడం. వీటికి పెద్ద ఖర్చు లేదు, మనసే లేదు.

పని చేస్తే సరిపోతుందా?

"బాధపడుతూ కూర్చోకు, ఏదైనా చెయ్యి" అనేది అందరూ ఇచ్చే సలహా. పరిశోధన చెప్పేది అంత సూటిగా లేదు. స్వీడన్‌లో మరియా ఓయాలా అనే మనస్తత్వవేత్త పిల్లలూ యువతా ఈ ఆందోళనను ఎలా ఎదుర్కొంటున్నారో ఏళ్లుగా చూస్తున్నారు. కొందరు సమస్యను తక్కువ చేసుకుని లేదా మొహం తిప్పుకుని తట్టుకుంటారు. కొందరు పరిష్కారం మీద పడతారు. కొందరు చేసేదానిలో అర్థాన్ని వెతుక్కుంటారు. పన్నెండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, పరిష్కారం వెంటపడినవాళ్లు చురుగ్గా ఉన్నా వాళ్లలో దిగులు ఎక్కువ కనిపించింది. అర్థం వెతుక్కున్నవాళ్లు చురుగ్గానూ ఉన్నారు, మనసూ కాస్త నిలకడగా ఉంది. ఒక్కడితో తీరని సమస్యను ఒక్కడే తీర్చాలని పూనుకుంటే రోజూ ఓటమే కదా. పెద్దవాళ్లకూ ఇది వర్తిస్తుందనడానికి మన ఆఫీసులు చూస్తే చాలు.

అర్థం వెతుక్కోవడమంటే వేదాంతం కాదు. ఈ పనిలో గెలుపు ఎలా ఉంటుందో తెలుసుకోవడం. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా కొట్టుకుపోయారు. 2013 అక్టోబర్‌లో వచ్చిన ఫైలిన్ తుఫాను బలంలో తక్కువదేం కాదు. ఒడిశా, శ్రీకాకుళం తీరాల నుంచి పది లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. ఉపగ్రహాలు, అంచనాలు, తుఫాను షెల్టర్లు, రోడ్లు, రాత్రంతా మైకుల్లో అరిచిన పంచాయతీ సిబ్బంది, ఇలా ఎంతోమంది చేతులు ఇందులో ఉన్నాయి. కానీ చావకుండా మిగిలినవాళ్ల ఫోటో ఏ పేపర్లోనూ రాదు. తాము బతికింది ఎవరి లెక్కల వల్లో వాళ్లకూ తెలియదు. ఈ రంగంలో గెలుపు చాలాసార్లు జరగని సంఘటన రూపంలో ఉంటుంది. జరగనిదాన్ని చూడటం అలవాటు చేసుకోకపోతే ఓటములు మాత్రమే కనబడతాయి. 2023లో తెలంగాణ, ఇంటి పైకప్పు వేడెక్కకుండా చేసే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. దాని వల్ల ఒక బస్తీలో రాత్రిపూట ఇల్లు రెండు డిగ్రీలు చల్లబడినా వార్త కాదు, పసిపిల్ల నిద్రపోతుంది, అంతే. అలాంటివి ఎవరో ఒకరు రాసి ఆఫీసు గోడకు అంటించాలి. ఇది నా పిచ్చి కోరిక అనుకున్నా సరే.

ఇంట్లో, బయట

బంధువుల దగ్గర ప్రతిసారీ వాదనకు దిగక్కర్లేదు. "నీ ఒక్కడితో ఏమైతది?" అన్న బాబాయికి పెళ్లి పందిట్లో ఐపీసీసీ నివేదిక వినిపించి లాభం లేదు, ఆయనకు బిర్యానీ చల్లారిపోతోంది. పిల్లల్ని కనాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. కొత్తగా పెళ్లయినవాళ్లలో ఈ రంగంవాళ్లు దాన్ని మోస్తూ తిరుగుతున్నారు. అత్తగారి దగ్గర చెప్పలేరు, స్నేహితులు నవ్వుతారు. కనీసం భార్యాభర్తలిద్దరూ దాన్ని బయటపెట్టి మాట్లాడుకోవాలి. జవాబు ఏదైనా కావచ్చు.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి చెడితే, ఇష్టమైనవేవీ రుచించకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది వాతావరణం గురించే కదా అని సరిపెట్టుకోకూడదు. కారణం ఎంత గొప్పదైనా డిప్రెషన్ డిప్రెషనే, దానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ప్రాజెక్టు ప్రతిపాదనలు రాసేవాళ్లకు ఒక చిన్న విన్నపం. మీ బడ్జెట్ పట్టికలో సెన్సర్లకు ఒక గడి ఉంటుంది, జీపు డీజిల్‌కు ఒకటి, సదస్సులో భోజనాలకు ఒకటి. ఫీల్డ్ సిబ్బంది సెలవులకూ కౌన్సెలింగ్‌కూ ఇంకో గడి కలపండి. నిధులిచ్చేవాళ్లు కొట్టేస్తే, ఎందుకు కొట్టేశారో రాసిమ్మని అడగండి.